పెళ్లి విడిపోతే గ్రీన్ కార్డు పోతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిగా పనిచేస్తున్న నాకు మన తెలుగువాళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తుంది: "నా గ్రీన్ కార్డు క్యాన్సిల్ చేయిస్తానని ఆయన అంటున్నారండి, నేను ఇండియా వెళ్లిపోవాల్సిందేనా?" ఎక్కువగా భార్యలే అడుగుతారు, అప్పుడప్పుడు భర్తలూ అడుగుతారు, చట్టం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. జవాబు చెప్పే ముందు నేను రెండు విషయాలు తెలుసుకుంటాను. కార్డు ఇప్పటికే మంజూరైందా? అయితే అది పౌరసత్వం ఉన్న భర్త పిటిషన్ మీద వచ్చిందా, లేక ఆయన ఉద్యోగం ద్వారా వచ్చిందా?

అపోహ: స్పాన్సర్ చేసినవారు తలచుకుంటే కార్డు రద్దు చేయించగలరు.

వాస్తవం: పిటిషన్‌ను వెనక్కి తీసుకునే హక్కు స్పాన్సర్‌కు ఉంటుంది గానీ, అది అవతలి వ్యక్తి శాశ్వత నివాసి అయ్యేంత వరకే. ఆ తర్వాత ఆయన రాసే ఉత్తరానికి ఒక ఫిర్యాదుకు ఉండే విలువే తప్ప అంతకుమించి ఏమీ ఉండదు. పెళ్లే బూటకమని ఆరోపిస్తే అధికారులు విచారించవచ్చు, అయితే పదేళ్ల కార్డును తీసేయాలంటే అందుకు కారణాన్ని ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు రుజువు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. నిజమైన కాపురం నిలవకపోవడం నేరమూ కాదు, మోసమూ కాదు.

అపోహ: రెండేళ్ల కార్డు ఉన్నవారికి భర్త సంతకం లేకపోతే దారి లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, కార్డు మంజూరైన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన రెండేళ్ల కార్డు మాత్రమే ఇస్తారు. మీ కార్డు మీద కేటగిరీ దగ్గర సీఆర్1 అనో సీఆర్6 అనో ఉంటే మీది ఆ రకమే. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి, ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 దరఖాస్తు పెట్టాలన్నది సాధారణ నియమం. ఆ సంతకం కోసమే ఇల్లు వదలకుండా దెబ్బలు భరించినవాళ్లను నేను చూశాను. అదే ఫారంలో ఉమ్మడి సంతకం నుంచి మినహాయింపు కోరే భాగం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, హింస లేదా తీవ్రమైన క్రూరత్వం జరిగినా, దేశం నుంచి పంపిస్తే తీవ్రమైన కష్టం కలిగే పరిస్థితి ఉన్నా, ఒంటరిగానే దరఖాస్తు చేయవచ్చు. దీనికి ఆ 90 రోజుల లెక్క కూడా వర్తించదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విడాకుల కారణంగా మినహాయింపు కోరేవారు కోర్టు తుది తీర్పు చూపించాలి, కేసు వేశామంటే సరిపోదు. టెక్సస్‌లో కేసు వేశాక కనీసం 60 రోజులు, కాలిఫోర్నియాలో భర్తకు కాగితాలు అందాక కనీసం ఆరు నెలలు ఆగాలి కాబట్టి, కార్డు గడువు చూసుకుని ముందుగానే కదలడం మంచిది. హింస కారణంగా కోరేవారికి విడాకులు అయి ఉండాల్సిన అవసరం లేదు.

ఇక ఆధారాల విషయం. ఒకావిడ నా దగ్గరకు పెళ్లి ఆల్బమ్ ఒకటి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. ఆల్బమ్ నిండా వందల ఫొటోలున్నాయి. కవరులో ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, భర్తకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు అత్యవసరమైతే పిలవాల్సిన వ్యక్తిగా ఈమె పేరు ఆయన చేతిరాతతోనే రాసిన కాగితం ఉన్నాయి. నేను ఆ కాగితాన్నే ముందు పెట్టాను. ఆల్బమ్ పెళ్లి జరిగిందని చెబుతుంది, కాపురం జరిగిందని చెప్పేవి ఇలాంటి కాగితాలే.

అపోహ: భర్త ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు వచ్చినా, హెచ్-1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చే హెచ్-4 వీసాలో ఉన్నా, విడాకుల ప్రభావం ఒకటే.

వాస్తవం: ఈ రెంటికీ ఎంతో తేడా ఉంది. ఉద్యోగం ద్వారా భర్తతో పాటు వచ్చిన కార్డుకు రెండేళ్ల షరతు ఉండదు, మంజూరయ్యాక విడాకులు తీసుకున్నా అది మీదే. మంజూరు కాకముందే విడాకుల తీర్పు వస్తే మాత్రం ఆయన దరఖాస్తు మీద ఆధారపడిన మీ దరఖాస్తు నిలబడదు, హెచ్-4 కూడా తీర్పుతోనే ముగుస్తుంది. భారతీయులకు ఉద్యోగం ద్వారా వచ్చే ఈ గ్రీన్ కార్డు క్యూ పదేళ్లకు పైగా సాగుతోంది. అన్నేళ్లు వరుసలో నిలబడిన భార్యకు ఒక్క తీర్పుతో ఏమీ మిగలకపోవడం నా దృష్టిలో ఈ చట్టంలోని పెద్ద అన్యాయం. విడివిడిగా ఉంటున్నంత మాత్రాన, తీర్పు రానంత వరకు, పెళ్లి చట్టప్రకారం కొనసాగుతున్నట్టే. అందుకే తీర్పు తేదీ ఖరారయ్యేలోగా చదువు వీసాకో సొంత ఉద్యోగ వీసాకో మారే వీలు చూసుకోమంటాను. హింసకు గురైన హెచ్-4 భార్యలు ఐ-765వి ఫారంతో పని అనుమతి కోరవచ్చు.

అపోహ: విడాకులతో స్పాన్సర్ ఆర్థిక బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: తీరదు. భార్య పోషణకు హామీ ఇస్తూ స్పాన్సర్ ఐ-864 ఫారం మీద చేసిన సంతకం ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం. ఆమె పౌరురాలు అయ్యేవరకు, లేదా 40 త్రైమాసికాల పని లెక్కకు వచ్చేవరకు, లేదా ఆమె స్థిర నివాసం వదులుకుని దేశం విడిచే వరకు, లేదా ఇద్దరిలో ఒకరు మరణించే వరకు అది కొనసాగుతుంది. పౌరసత్వం విషయంలో మాత్రం విడాకుల వల్ల కొంత ఆలస్యమవుతుంది. అమెరికా పౌరుడి భార్యగా మూడేళ్లకే దరఖాస్తు చేసే వెసులుబాటు పోయి, అందరిలాగే ఐదేళ్లు ఆగాలి.

అపోహ: ఊళ్లో పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటే విడాకులు అయినట్టే.

వాస్తవం: ఆచారంగా విడాకులు ఉన్నాయని రుజువు చేయగల కొన్ని వర్గాలను మినహాయిస్తే, హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ ఉండాల్సిందే. ఇక అమెరికా కోర్టు ఇచ్చిన విడాకులు ఇండియాలో చెల్లుతాయా అన్నది వేరే ప్రశ్న. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో, భర్త మిస్సోరి కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకులు ఇండియాలో చెల్లవని 1991లో భారత సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇద్దరూ స్వచ్ఛందంగా ఆ కోర్టుకు లోబడి అంగీకరించిన సందర్భాలు వేరు. కాబట్టి ఐ-751కు అమెరికా డిక్రీ సరిపోయినా, ఇండియాలో మళ్లీ పెళ్లి చేసుకునే ఆలోచన ఉన్నవారు అక్కడి న్యాయవాదిని కూడా అడగాలి.

అపోహ: కార్డు లాక్కుని ఇండియాలో వదిలేస్తే ఇక తిరిగి రాలేరు.

వాస్తవం: కార్డు పోయినంత మాత్రాన హోదా పోదు. పండక్కని తీసుకెళ్లి, పుట్టింట్లో దింపి, పాస్‌పోర్టూ కార్డూ పట్టుకుని భర్త ఒక్కడే విమానం ఎక్కిన ఉదంతాలు నా దగ్గరకు వస్తూనే ఉన్నాయి. కార్డు పోయినవారు, అమెరికా వదిలి ఏడాది దాటకపోతే, ఐ-131ఏ ఫారం పెట్టి కాన్సులేట్ ద్వారా ప్రయాణ అనుమతి తీసుకోవచ్చు. ముందుగా పోలీసు ఫిర్యాదు ఇచ్చి కొత్త పాస్‌పోర్టు తీసుకోవాలి. ఏమీ తోచక పుట్టింట్లో నెలల తరబడి కూర్చుంటేనే అసలు ప్రమాదం. హోదా వదులుకుంటున్నట్టు రాసే ఐ-407 ఫారం మీద ఎవరు ఒత్తిడి చేసినా సంతకం పెట్టకండి. ఈ రోజే కార్డును రెండు వైపులా ఫొటో తీసి, మీకు మాత్రమే తెలిసిన ఈమెయిల్‌లో దాచుకోండి.