గంపగుత్త ఓట్ల వెనుక 1800 నాటి ఉత్తరం

అమెరికా రాష్ట్రమైన నెబ్రాస్కాలో, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలెక్టోరల్ ఓట్లను నియోజకవర్గాల వారీగా పంచే పద్ధతిని ఎత్తివేసి, రాష్ట్రంలో గెలిచినవారికే ఐదూ గంపగుత్తగా దక్కేలా చేయాలన్న వాదం మళ్ళీ తలెత్తింది. 2024 సెప్టెంబరులోనూ 2025 ఏప్రిల్‌లోనూ చట్టసభలో చాలినంత మద్దతు లేక అది ఆగిపోయింది. ఒక్క మేన్ తప్ప అన్ని రాష్ట్రాలూ గంపగుత్తగానే ఇస్తుంటే తామెందుకు చీల్చుకోవాలన్నది మార్పు కోరేవారి ప్రశ్న.

రాష్ట్రాలు ఎంచిన ఎలెక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలెక్టోరల్ కాలేజీ పుట్టుక అందరికీ తెలిసిందే. గంపగుత్త వైపు అసలు మలుపు 1800 జనవరి 12న ఉంది. ఆ రోజు ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్ వర్జీనియా గవర్నర్ జేమ్స్ మన్రోకు రాసిన ఉత్తరంలో, అందరూ పాటించేటట్లయితే నియోజకవర్గాల పద్ధతే మేలని ఒప్పుకుంటూనే, పది రాష్ట్రాలు చట్టసభల ద్వారానో గంపగుత్తగానో ఎలెక్టర్లను ఎన్నుకుంటుండగా మిగతా ఆరూ అలా చేయకపోవడం తెలివితక్కువతనమనీ, అంతకన్నా హీనమనీ అన్నారు. 1796 అధ్యక్ష ఎన్నికలో ప్రత్యర్థి జాన్ ఆడమ్స్‌కు 71 ఓట్లు రాగా జెఫర్సన్‌కు 68 వచ్చాయి. సొంత వర్జీనియాలోని 21లో కూడా ఒకటి ఆడమ్స్‌కు పోయింది. ఉత్తరం రాసిన నెలలోనే వర్జీనియా గంపగుత్త పద్ధతికి మారింది. ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ ఎలెక్టర్ల ఎంపికను ప్రజల చేతిలోంచి తీసి పూర్తిగా చట్టసభకు అప్పగించింది.

అటువైపు, ఆడమ్స్ పక్షమైన ఫెడరలిస్టుల నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్ కూడా ఊరుకోలేదు. న్యూయార్క్‌లో ఎలెక్టర్లను ఎంచే చట్టసభకు జరిగిన ఎన్నికల్లో తన పక్షం ఓడిపోగానే, గడువు తీరబోతున్న పాత చట్టసభను పిలిపించి నియోజకవర్గాల పద్ధతి తెమ్మని మే 7న గవర్నర్ జాన్ జేకు రాశారు. ఇది పార్టీ ప్రయోజనం కోసం ప్రతిపాదించిన చర్య, చేపట్టడం తనకు తగదు అని జే ఆ ఉత్తరం మీదే రాసుకుని పక్కన పెట్టారు. ఇన్ని ఉత్తరాల్లో ఆ ఒక్క వాక్యమే పదవికి తగినదిగా కనిపిస్తుంది.

వర్జీనియా మారిననాడు ఆ చట్టసభలో జేమ్స్ మాడిసన్ కూడా సభ్యులే. ఇరవై మూడేళ్ళ తర్వాత, 1823 ఆగస్టు 23న, న్యాయవాది జార్జ్ హేకు రాస్తూ ఆయన జరిగింది జరిగినట్టు చెప్పారు: రాజ్యాంగం రాసినప్పుడూ ఆమోదించినప్పుడూ ప్రధానంగా దృష్టిలో ఉన్నది నియోజకవర్గాల పద్ధతేననీ, దారి మార్చిన కొన్ని రాష్ట్రాల ఎత్తుగడను తిప్పికొట్టడానికి వేరే ఉపాయం లేకనే మిగిలినవి దాన్ని వదులుకున్నాయనీ వివరించారు. అందుకే ఆ పద్ధతిని రాజ్యాంగ సవరణతో అన్ని రాష్ట్రాలకూ ఒకేసారి వర్తింపజేయాలని కోరారు. రాజ్యాంగ రచనలో కూర్చున్న మనిషి మాట కనుక, ఇవాళ పూర్వికుల ఉద్దేశం పేరుతో గంపగుత్తను సమర్థించేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి.

సెనేట్ అలాంటి సవరణను అంతకుముందే ఒకటికి నాలుగుసార్లు ఆమోదించినా, ప్రతినిధుల సభలో అది గట్టెక్కలేదు. 1836 నాటికి దక్షిణ కరోలినా మినహా రాష్ట్రాలన్నీ గంపగుత్తకు చేరిపోయాయి. ఇవాళ పాత దారిలో ఉన్నవి 1972 నుంచి మేన్, 1992 నుంచి నెబ్రాస్కా మాత్రమే.

2024 ఏప్రిల్‌లో నెబ్రాస్కాలో కదలిక మొదలవగానే, ఎన్నికల ముంగిట అక్కడ పద్ధతి మారితే తామూ మార్చక తప్పదని మేన్ ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల నాయకురాలు ప్రకటించారు.