పదహారేళ్ల దగ్గర గీత పడిన రోజు

పుణెలో 2024 మే 19న పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. కారు నడిపింది 17 ఏళ్ల కుర్రాడు. రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమని చెప్పి, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిలివ్వడంతో దేశమంతా భగ్గుమంది. అతన్ని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల అర్జీని బోర్డు 2025 జులైలో తోసిపుచ్చడంతో ఆ కోపం మళ్లీ రాజుకుంది. ఇప్పుడు మైనర్ అన్న మాట వినిపించిన ప్రతి కేసులోనూ ఒకటే డిమాండ్: పెద్దవాళ్లలా విచారించడానికి పదహారు ఎక్కువ, వయసు 14కి దించండి.

ఆ బెయిల్ మీద వచ్చిన కోపంలో తప్పేమీ లేదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు ఆ ఆర్డరును ఎవరూ సమర్థించలేరు. కానీ వయసు ఇంకా దించమనే ముందు, పదహారు దగ్గర గీత ఎలా పడిందో ఒకసారి చూడాలి. 1986 జువెనైల్ జస్టిస్ చట్టం, బాలల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, పిల్లలంటే 18 ఏళ్ల లోపు వాళ్లని తేల్చిన 2000 నాటి చట్టం, ఇవన్నీ చాలాసార్లు చెప్పుకున్నవే. అసలు కథ 2015 డిసెంబరులో ఉంది.

2012 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార కేసులో మైనర్‌గా శిక్ష పడిన కుర్రాడు మూడేళ్లు పూర్తి చేసుకుని 2015 డిసెంబరు 20న బయటికొచ్చాడు. అప్పటి చట్టంలో మూడేళ్లే గరిష్ఠం. రోడ్ల మీద జనం, టీవీల్లో చర్చలు. మే నెలలోనే లోక్‌సభ దాటిన కొత్త బిల్లు రాజ్యసభలో ఆగి ఉంది. రెండు రోజులు తిరక్కుండానే, 22న, అదీ పాసైపోయింది. 16 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లు ఘోర నేరం చేస్తే పెద్దవాళ్లలా విచారించవచ్చన్నది అందులో కొత్త అంశం. 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది.

ఎవరూ హెచ్చరించలేదా అంటే, అందరూ హెచ్చరించారు. అదే ఢిల్లీ ఘటన మీద వేసిన జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించవద్దని 2013 జనవరిలోనే చెప్పింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు కూడా చట్టం జోలికి వెళ్లడానికి నిరాకరించింది. బిల్లును పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘం 2015 ఫిబ్రవరిలో ఈ ఒక్క అంశాన్ని గట్టిగా వ్యతిరేకించింది. అప్పటి జాతీయ నేర గణాంకాల్లో మైనర్ల మీద నమోదైన కేసులు మొత్తంలో 1.2 శాతం దగ్గరే ఉన్నాయి. బిల్లు పాసైన ఆ మంగళవారం ఇవేవీ లెక్కలోకి రాలేదు.

ప్రభుత్వం తరఫున బిల్లు పెట్టిన మేనకా గాంధీ వాదన వేరు. ఎవర్నీ నేరుగా జైలుకు పంపడం లేదు, ముందు బోర్డు ఆ పిల్లాడి మానసిక స్థితి చూస్తుంది, తర్వాతే నిర్ణయం అన్నారు.

చిక్కంతా ఆ 'మానసిక స్థితి చూడటం' దగ్గరే ఉంది. ఆ చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం బోర్డు మూడు విషయాలు తేల్చాలి: నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం పిల్లాడికి ఉందా, దాని పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో అది జరిగింది. నేరం చేశాడో లేదో ఇంకా విచారణే మొదలవదు. అయినా చేశాడనుకుని, ఆ రోజు అతని మనసు ఎలా ఉందో నెలల తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలి. ఇంత పని చేయగల పరీక్ష ఏ డాక్టరు దగ్గరా లేదు.

జూబ్లీహిల్స్‌లో 2022 మేలో ఓ బాలిక మీద జరిగిన సామూహిక అత్యాచారం కేసులో అది మన దగ్గరే కనపడింది. నిందితుల్లో ఐదుగురు మైనర్లు. నలుగురిని పెద్దవాళ్లుగా విచారించాలని హైదరాబాద్ బోర్డు సెప్టెంబరులో తేల్చింది. వాళ్లలో ఒకరి విషయంలో ఆ ఆదేశాన్ని తెలంగాణ హైకోర్టు 2023 ఏప్రిల్‌లో కొట్టేసింది. హైకోర్టు దాకా వెళ్లే స్తోమత ఉన్నవాళ్ల సంగతి ఇది.

లేనివాళ్ల సంగతి ఒక జిల్లా బోర్డులో దగ్గరగా చూశాను. రూల్స్ ప్రకారమే అక్కడ ఎత్తయిన వేదిక లేదు, బోను లేదు. కానిస్టేబుల్ మామూలు బట్టల్లో ఉన్నాడు. కుర్రాడు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు, ఎవరూ విడవమనలేదు. వాళ్లమ్మ కూలి పని మానుకుని వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి స్టడీ సర్టిఫికెట్ తీసింది. పుట్టిన తేదీ జూన్ 1. "నిజంగా జూన్‌లోనే పుట్టాడామ్మా?" అని అడిగితే, "ఏమో సార్, వరి కోతలప్పుడు పుట్టాడు. బళ్లో సారే ఏసుకున్నాడు" అంది. మా ఊళ్లో నా బ్యాచ్‌లో సగం మందికి పుట్టినరోజు జూన్‌లోనే. బడి తెరిచే రోజున మాస్టారు వేసిన అంకె అది. ఆ అంకె ప్రకారం నేరం నాటికి ఆ కుర్రాడికి పదహారు నిండి నెల దాటింది. కోతల లెక్కన చూస్తే ఇంకా నిండలేదు. నిండకపోతే సెక్షన్ 15 అతనికి వర్తించనే వర్తించదు.

స్కూలు రిజిస్టరులో అంకె ఎంత పని చేస్తుందో సుప్రీంకోర్టు 2023 మార్చిలో తేల్చిన ఒక కేసు చెబుతుంది. 1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒక రాజస్థాన్ వ్యక్తికి నేరం నాటికి పన్నెండున్నరేళ్లేనని రిజిస్టరు ఆధారంగా కోర్టు నమ్మింది. అప్పటికే అతను 28 ఏళ్లు జైల్లో ఉన్నాడు.

బోర్డు మూడు నెలల్లో ఈ మానసిక స్థితి అంచనా పూర్తి చేయాలని చట్టంలో ఉంది. ఆ గడువు తప్పనిసరి కాదు, కారణాలు రాసి పొడిగించవచ్చని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. అంతకుముందు, 2022 జులైలో, గురుగ్రామ్ స్కూల్లో జరిగిన హత్య కేసులో ఇచ్చిన తీర్పు పిల్లలకు మేలు చేసింది. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివిన సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని కోర్టు అందులో చెప్పింది. నేను చూసిన రోజు ఆ నిపుణుడు రాలేదు. వాయిదా పడింది.

మరి పుణె కుర్రాడు ఎలా తప్పించుకున్నాడు? కనీస శిక్ష ఏడేళ్లు ఉన్నదే ఘోర నేరమని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అతని మీద పెట్టిన ప్రధాన సెక్షన్ 304కి (హత్య కిందికి రాని నరహత్య) కనీస శిక్షే లేదు. ఇందులో వయసు ప్రసక్తే లేదు. గీతను 14కి దించినా, అతను ఇవాళ ఉన్న చోటే ఉంటాడు. కొత్తగా గీత దాటేది తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు.

వాళ్లకైనా, ఆ కోతల కాలపు కుర్రాడికైనా చట్టంలో ఒక దారి ఉంది. పెద్దవాడిగా విచారించమన్న బోర్డు ఆదేశం మీద 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ బోర్డుకు సాయపడిన వాళ్లను కాకుండా వేరే మానసిక నిపుణుల్ని పిలిపించవచ్చు. లాయరుకు డబ్బు కట్టక్కర్లేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. ఆ అమ్మకు ఈ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.