సర్జన్ పేరు వెనక అక్షరాలు, ట్రేలో పరికరాలు: అపోహలు - వాస్తవాలు

ఓపీలో ఎదురుగా కూర్చోగానే చాలామంది మొదట అడిగేది జబ్బు గురించి కాదు. "లేజర్‌తోనే చేస్తారు కదా సార్?" అని అడుగుతారు. తోడు వచ్చినవాళ్లు బయట బోర్డు చదివి వచ్చి, "ఎఫ్‌ఏసీఎస్ అని ఉంది, అమెరికాలో చదివారా?" అంటారు. ఇరవయ్యేళ్లుగా జనరల్ సర్జరీ చేస్తున్నాను. ఒంటి మీద కత్తి పెట్టించుకునే మనిషికి ఆ కత్తి గురించీ, దాన్ని పట్టుకున్న చేతి గురించీ తెలుసుకునే హక్కు ఉంది. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసేది లేజర్ ఆపరేషన్.

కాదు, అది లాపరోస్కోపీ. పిత్తాశయంలో రాళ్లకు చేసే ఆపరేషనే తీసుకోండి. బొడ్డు దగ్గర సెంటీమీటరు కోత పెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. ఒత్తిడి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంచుతాం. పొట్ట గోడ గుడారంలా పైకి లేచి లోపల పరికరాలు తిప్పడానికి చోటు దొరుకుతుంది. ఇలాంటి చిన్న కోతల్లో దింపిన గొట్టాలే పోర్టులు. ఒక పోర్టులోంచి కెమెరా బిగించిన టెలిస్కోపు, మిగతా వాటిలోంచి పట్టుకునేవి, విడదీసేవి వెళ్తాయి. పిత్తాశయం నాళాన్నీ దాని ధమనినీ విడివిడిగా తేల్చుకుని, రెండింటికీ క్లిప్పులు వేసి, మధ్యలో కత్తెరతో తెంచుతాం. ఆ తర్వాత పిత్తాశయాన్ని కాలేయం మీద నుంచి ఒలిచేది కొక్కెంలా వంగిన ఒక సన్నటి కడ్డీ. దాని కొసలో పనిచేసేది కరెంటు. మొత్తంలో లేజర్ ఎక్కడా లేదు.

మరి ఆ పేరు ఎలా అంటుకుంది? 1980ల చివర్లో ఈ పద్ధతి కొత్తగా వచ్చినప్పుడు అమెరికాలో కొందరు సర్జన్లు పిత్తాశయాన్ని ఒలవడానికి నిజంగానే లేజర్ వాడారు. కరెంటుతో కణజాలాన్ని కోసి రక్తం ఆపే మామూలు కాటరీతో అదే పని చక్కగా అవుతుందని తేలాక దాన్ని వదిలేశారు. పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. లేజర్‌కి దాని పనులు దానికున్నాయి. మూత్రనాళంలో రాయిని పొడి చేయడానికి, కంటిలో రెటీనా చికిత్సకు, కాళ్లలో ఉబ్బిన సిరల్ని మూయడానికి అది వాడతారు. పిత్తాశయానికీ అపెండిక్స్‌కీ "లేజర్ చేస్తాం" అని ఎవరైనా అంటే, లేజర్ ఏ పనికి వాడతారో విడమరిచి చెప్పమనండి.

అపోహ: లాపరోస్కోపీ మొదలుపెట్టి మధ్యలో పొట్ట కోశారంటే సర్జన్‌కి చేతకాలేదన్నట్టే.

ఇది నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ. ఇలాంటి మాట పడాల్సి వస్తుందన్న భయంతో సర్జన్ మొండికేస్తే నష్టపోయేది పేషెంటే. పదేపదే చీము పట్టిన పిత్తాశయం చుట్టూ ఉన్న వాటికి అతుక్కుపోతుంది. కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే ప్రధాన నాళం అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. ఏది ఏ నాళమో తేలకుండా క్లిప్ వేయకూడదు, కత్తెర పెట్టకూడదు. పొరపాటున ఆ ప్రధాన నాళం తెగితే ఆ మనిషికి మరో పెద్ద ఆపరేషన్ తప్పదు, ఏళ్ల తరబడి తిప్పలు ఉండొచ్చు. తేలనప్పుడు ఆగి, పక్కటెముకల కింద కోత పెట్టి, చేత్తో తడిమి చూసుకుని చేయడం సరైన నిర్ణయం. మా గురువుగారు మాకు కత్తి పట్టడం నేర్పింది తక్కువ రోజులే. ఎక్కడ ఆగాలో నేర్పడానికి మాత్రం మూడేళ్లు పట్టింది.

అపోహ: రోబో సర్జరీలో ఆపరేషన్ చేసేది రోబోయే.

రోబో తనంతట తాను ఒక్క కుట్టు కూడా వేయదు. సాధారణంగా అదే గదిలో కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ వేళ్లు కదిలినట్టే దాని చేతులు కదులుతాయి. మణికట్టు తిరిగినట్టు పరికరం కొస తిరుగుతుంది, లోతు తెలిసేలా బొమ్మ కనిపిస్తుంది. ఇరుకు చోట్లలో, ముఖ్యంగా ప్రోస్టేట్ లాంటి వాటికి, ఇది మంచి పనిముట్టు. నైపుణ్యం మాత్రం మనిషిదే.

అపోహ: ఆపరేషన్ అంటే కత్తితో కోయడం. అందరికీ అదే కత్తి వాడతారు.

కత్తి పని చర్మం దగ్గరే చాలావరకు అయిపోతుంది. నా చేతిలో అది ఉండేది నిమిషం కూడా కాదు. పిడి స్టీలుది, ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి మళ్లీ వాడతాం. బ్లేడు మాత్రం సీలు వేసిన పొట్లంలో వస్తుంది, ప్రతి పేషెంటుకీ కొత్తది. 1915 ప్రాంతంలో పిడీ బ్లేడూ వేరు చేయగలిగే డిజైన్ వచ్చాకే ఈ సౌకర్యం కలిగింది. అంతకుముందు కత్తికి సాన పట్టుకునేవారు. బ్లేడ్లకు పేర్లుండవు, నంబర్లే. పొట్ట గాటుకు పెద్ద పిడి మీద 22. చీముగడ్డను పొడిచి తెరవడానికి మొన తేలిన 11. ముఖం మీద సన్న పనికి 15. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకుండా కిడ్నీ ట్రేలో పెట్టి అందిస్తారు, ఎవరి వేలూ తెగకుండా.

ఆ తర్వాత పనంతా కాటరీది, కత్తెరలది, రక్తనాళాల్ని పట్టి నొక్కే ఆర్టరీ ఫోర్సెప్స్‌ది. ఇప్పటి కాటరీకి దారి చూపిన యంత్రాన్ని ఆపరేషన్‌లో మొదటిసారి వాడింది 1926 అక్టోబరు 1న, బోస్టన్‌లో న్యూరోసర్జన్ హార్వే కుషింగ్. ఆ యంత్రాన్ని తయారుచేసింది విలియం బోవీ. రక్తస్రావానికి భయపడి చేతులు ముడుచుకున్న ఎన్నో మెదడు గడ్డల మీద ఆ తర్వాత చెయ్యి వేయగలిగారు. కత్తెరల్లోనూ తేడా ఉంటుంది. మెట్జెన్‌బామ్ కత్తెర సున్నితమైన కణజాలానికే. దానితో దారం కత్తిరించామంటే స్క్రబ్ నర్సు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. దారానికి మేయో కత్తెర ఉంది.

పరికరాలకు జంతువుల పేర్లు పెట్టడం కొత్త కాదు. మా ట్రేలో మస్కిటో ఫోర్సెప్స్, బుల్‌డాగ్ క్లాంపు ఉంటే, సుశ్రుత సంహితలో సింహముఖం, కంకముఖం (కొంగ ముక్కు లాంటిది) ఉన్నాయి. అందులో చెప్పిన యంత్రాలు నూటొకటి, పదునైన శస్త్రాలు ఇరవై. ఆ నూటొకటిలో అన్నిటికంటే ముఖ్యమైనది చెయ్యే అని అక్కడే చెప్పారు. కోత అభ్యాసం గుమ్మడి, సొర, దోస కాయల మీద చేయమన్నారు. మేము దారం ముడులు మంచం కోడుకు కట్టి నేర్చుకున్నాం, అర్ధరాత్రి డ్యూటీ గదిలో, ఒంటి చేత్తో, కళ్లు మూసుకుని.

అపోహ: సర్జన్ చెయ్యి అసలు వణకదు.

ప్రతి మనిషి చేతికీ సన్నటి వణుకు సహజం. భూతద్దం కళ్లజోడు పెట్టుకుంటే మా వేళ్ల కదలిక మాకే పెద్దగా కనిపిస్తుంది. మణికట్టును పేషెంటు ఒంటి మీదో, రెండో చేతి మీదో ఆనించి పనిచేయడం నేర్చుకుంటాం. టేబుల్ ఎత్తు మోచేతికి సరిపోయేలా చూసుకుంటాం.

అపోహ: ఎంబీబీఎస్‌లో సర్జరీ లేదు. పెద్ద డాక్టరంటే ఎండీ.

ఎంబీబీఎస్‌లో రెండు పట్టాలున్నాయి, వైద్యంలో ఒకటి, సర్జరీలో ఒకటి. లాటిన్‌లో సర్జరీ "చిరుర్జియా". దాని మూలం గ్రీకులో చెయ్యి, పని అనే రెండు మాటలు. అంటే చేతిపని. అయినా ఎంబీబీఎస్‌తో సర్జన్ అయిపోరు. భారతదేశంలో నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ తర్వాత మూడేళ్లు ఎంఎస్ చేయాలి. గుండె, మెదడు, మూత్రకోశం, ప్లాస్టిక్ సర్జరీలకు ఆ పైన ఇంకో మూడేళ్లు ఎంసీహెచ్. జాతీయ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ, డీఆర్‌ఎన్‌బీ కూడా వీటికి సమానమైనవే. వాటిని తక్కువగా చూడటం అన్యాయం. ఎంఎస్ అని చూడగానే జనరల్ సర్జన్ అనుకోకండి. ఎముకలు, కళ్లు, చెవి-ముక్కు-గొంతు, ప్రసూతి విభాగాలకూ ఎంఎస్సే. పక్కన ఏ విభాగమో చదవాలి.

ఎండీ కథ వేరు. ఇక్కడ అది సర్జరీ కాని విభాగాల్లో పీజీ పట్టా. అమెరికాలో వైద్యవిద్య ముగించిన కొత్త డాక్టర్లలో ఎక్కువమందికి ఇచ్చే మొదటి పట్టా అదే. ఆ తర్వాత జనరల్ సర్జరీకి కనీసం ఐదేళ్ల రెసిడెన్సీ ఉంటుంది.

అపోహ: పేరు ముందు "డాక్టర్" లేకపోతే అర్హత లేనట్టే.

బ్రిటన్‌లో చికిత్స చేయించుకున్న బంధువు ఫోన్ చేసి, "డాక్టర్ కూడా కాదట, మిస్టర్ అని ఉంది, నమ్మొచ్చా?" అని అడిగాడు. నిశ్చింతగా నమ్మొచ్చు. ఒకప్పుడు అక్కడ విశ్వవిద్యాలయంలో చదివిన వైద్యులే డాక్టర్లు. సర్జన్లు ఒకరి దగ్గర శిష్యరికం చేసి పని నేర్చుకునేవారు. 1540లో ఎనిమిదో హెన్రీ కాలంలో మంగలివారినీ సర్జన్లనూ ఒకే సంఘంగా కలిపారు. 1745లో విడిపోయారు. 1800లో లండన్‌లో సర్జన్ల రాయల్ కాలేజీకి చార్టర్ వచ్చింది. ఆ "మిస్టర్"ను వాళ్లు ఇవాళ్టికీ గౌరవంగా నిలుపుకున్నారు. మెడిసిన్ పాసై డాక్టరైన మనిషి రాయల్ కాలేజీ సభ్యత్వానికి పెట్టే ఎంఆర్‌సీఎస్ పరీక్ష నెగ్గాక మళ్లీ మిస్టర్ అవుతాడు. మహిళలైతే మిస్, మిసెస్, మిజ్‌లలో తమకు నచ్చినది పెట్టుకుంటారు. చేతిపని నుంచి వచ్చినవాళ్లమని చెప్పుకోవడానికి సిగ్గుపడని ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం.

అపోహ: అక్షరాలు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప సర్జన్.

పేరు వెనక ఉన్నవన్నీ ఒకే రకం కాదు. ఎంఎస్, ఎంసీహెచ్ చదివి, వార్డుల్లో రాత్రులు గడిపి, పరీక్ష రాసి తెచ్చుకునే పట్టాలు. ఎఫ్‌ఏసీఎస్ అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఇచ్చే ఫెలోషిప్. శిక్షణ పూర్తిచేసి ప్రాక్టీసులో ఉన్నవాళ్ల అర్హతలూ నడవడికా పరిశీలించి ఇస్తారు. గౌరవమే, కానీ అక్కడ చదివినట్టు కాదు. కొన్ని ఫెలోషిప్‌లు కొద్ది రోజుల కోర్సుకు వస్తాయి, కొన్ని సంఘంలో సభ్యత్వానికి వస్తాయి. తప్పేమీ లేదు, కానీ వాటిని మూడేళ్ల శిక్షణతో సమానంగా చూడకూడదు.

బోర్డు చదవడం కన్నా ఆ డాక్టరు వైద్య మండలి రిజిస్టర్‌లో ఏ పట్టాతో నమోదయ్యారో చూడటం మేలు. ముఖ్యంగా "కాస్మెటిక్ సర్జన్" అని కనిపించినప్పుడు. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఆ విభాగంలో పట్టా ఉన్నవారు. ఆ మాటకు ప్లాస్టిక్ వస్తువుతో సంబంధం లేదు, మలచడం అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. ఇక దవడ ఎముక విరిగితే దంతవైద్యంలో ఎండీఎస్ చేసిన మాక్సిలోఫేషియల్ సర్జన్ చేయడం సరైనదే, అది వాళ్ల శిక్షణే.

ఇంతకీ అడగాల్సినవి ఇవి: ఈ ఆపరేషన్ ఇప్పుడే అవసరమా, ఆగితే ఏమవుతుంది? ఇది మీరు తరచూ చేస్తారా? లోపల అనుకున్నట్టు లేకపోతే ఏం చేస్తారు? మత్తు డాక్టరు ఎవరు? ఇలా అడిగితే కోప్పడే సర్జన్ దగ్గర ఆగాల్సిన పని లేదు.

అపోహ: మత్తు డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లిపోతారు.

తల దగ్గర చివరి దాకా ఉంటారు. శ్వాస, రక్తపోటు, ఆక్సిజన్, నొప్పి అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఆయన "ఆపండి" అంటే నేను ఆపుతాను.

అపోహ: థియేటర్‌లో సర్జన్ మాటే ఆఖరు మాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల భద్రతా జాబితా ఇచ్చింది. మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంటును బయటికి పంపే ముందు గట్టిగా చదవాలి. ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని పాటించి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. అందులో పరికరాలు, మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు), సూదుల లెక్క ఒకటి.

ఒక రాత్రి పేగు ఆపరేషన్ ముగించి పొట్ట మూయబోతున్నాను. బోర్డు మీద మాప్‌లు 20 అని రాసి ఉంది, బేసిన్‌లో 19 తేలాయి. "లెక్క తప్పి ఉంటుంది సిస్టర్, నీడిల్ హోల్డర్ ఇవ్వండి" అన్నాను. ఆమె ఇవ్వలేదు. "ఒకటి లోపలే ఉంది సార్" అంది. బకెట్లు, డ్రేప్‌ల మడతలు, నేల అంతా వెతికారు. నేను మళ్లీ చెయ్యి లోపల పెట్టి, పేగుల మధ్య, తర్వాత కాలేయం పైకి పోనిచ్చాను. పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కింద వేళ్లకు మెత్తగా తగిలింది. రక్తంలో నాని కాలేయం రంగులోనే ఉంది, కంటికైతే కనిపించేది కాదు. ఆ ఇరవయ్యోది బేసిన్‌లో పడ్డాక కూడా ఆమె ఒకటి నుంచి మొదలుపెట్టి మొత్తం మళ్లీ లెక్కపెట్టింది. ఆ తర్వాతే నీడిల్ హోల్డర్ నా చేతికిచ్చింది.