జూన్ 10 పతకం ఎవరికి?

2025 జూన్ 10న పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోష్‌లో జాతీయ దినోత్సవం జరిగింది. ఒకప్పుడు ఆఫ్రికా బానిసలను ఓడల్లో తెచ్చి దించిన ఊరది. రచయిత్రి లీడియా జోర్జ్ ఆ సంగతి ఎత్తి, స్వచ్ఛమైన రక్తం ఎవరికీ లేదన్నారు. వలసదారులను వ్యతిరేకించే షేగా పార్టీ మండిపడింది. అక్టోబరులో అదే పార్టీ మద్దతుతో పార్లమెంటు పౌరసత్వ నిబంధనలు బిగించింది. అప్పటిదాకా 5 ఏళ్ల నివాసం చాలేది. ఆ సవరణ ప్రకారం పోర్చుగీసు మాట్లాడే దేశాలవారికి, ఐరోపా సమాఖ్య పౌరులకు 7, మిగతావారికి 10 ఏళ్లు. డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం అందులో కొన్ని అంశాలను కొట్టేసింది. గొడవ మాత్రం చల్లారలేదు.

ఈ గొడవ జూన్ 10 చుట్టూనే ఎందుకు తిరుగుతోంది? అది పోర్చుగల్ జాతీయ కవి కమోయిష్ వర్ధంతి అన్న సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. అసలు చూడాల్సింది ఆ రోజు ఇచ్చే పతకాలను.

నియంత సలజార్ ఏలుబడిలో దీన్ని 'జాతి దినం' అనేవారు. ఆఫ్రికాలోని వలసరాజ్యాల్లో యుద్ధం మొదలయ్యాక, 1963 నుంచి లిస్బన్ నదీతీరంలోని తెరైరో దు పాసు మైదానంలో సైనికులకు పతకాలిచ్చేవారు. చనిపోయినవారి తరఫున నల్లబట్టల్లో భార్యలు, తల్లులు వచ్చేవారు, ఒక్కోసారి పసిపిల్లలు. అదే కాలంలో ఆ యుద్ధానికి వెళ్లలేక, పేదరికం భరించలేక లక్షల మంది దొంగదారిన ఫ్రాన్స్‌కి వెళ్లిపోయారు. బయల్దేరే ముందు ఫొటోని రెండుగా చింపి సగం ఇంట్లో వదిలేవారు. క్షేమంగా చేరాక రెండో సగం పంపిస్తే, రెండూ అతికాయో లేదో చూసుకుని అప్పుడు ఇంటివాళ్లు దళారికి డబ్బు ముట్టజెప్పేవారు. ప్రభుత్వం లెక్కలో వీళ్లు పారిపోయినవాళ్లు. పతకం మాట అటుంచండి, పాస్‌పోర్టే లేదు.

1974 విప్లవం ఆ ప్రభుత్వాన్ని కూల్చింది. 1977లో అధ్యక్షుడు ఎయానిష్ వేడుకను రాజధానిలో కాకుండా, స్పెయిన్ సరిహద్దు దగ్గరి గువార్దలో జరిపారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వలసలతో ఖాళీ అయిన ప్రాంతమది. ప్రసంగించింది ఏళ్ల తరబడి ప్రవాసంలో ఉన్న రచయిత జోర్జ్ ద సేన. ఆ కాలంలోనే దినోత్సవం పేరులో 'పోర్చుగీసు సముదాయాలు', అంటే విదేశాల్లోని పోర్చుగీసువారు, చేరారు. నా లెక్కలో మలుపు ఇక్కడే ఉంది. ఊరు వదిలినవాడు ద్రోహి కాదని, దేశంలో భాగమేనని రాజ్యం ఒప్పుకుంది.

ఆ ఒప్పుకోలు మనిషి రూపంలో కనిపించడానికి 2016 దాకా పట్టింది. ఆ ఏడు అధ్యక్షుడు మర్సేలు వేడుకను పారిస్‌కీ తీసుకెళ్లారు. అక్కడ పోర్చుగీసు వలసకు గుర్తు అపార్ట్‌మెంట్ కాపలా ఉద్యోగం. మన వాచ్‌మన్ దంపతుల్లా కింది గదిలో ఉండి మెట్లు తుడవడం, ఉత్తరాలు పంచడం వాళ్ల పని. 2015 నవంబరు 13 రాత్రి పారిస్‌లోని బతక్లాన్ సంగీత హాలులో ఉగ్రవాదుల కాల్పులు జరుగుతుంటే, నెత్తురోడుతూ పరిగెత్తుకొచ్చినవారికి తలుపులు తీసి లోపల దాచినవాళ్లలో ఇలాంటివారున్నారు. అలా ఆదుకున్న నలుగురు పోర్చుగీసువారికి ఫ్రాన్స్ అధ్యక్షుడి సమక్షంలో పోర్చుగల్ పతకం ఆర్డర్ ఆఫ్ లిబర్టీ అందింది. సాధారణంగా పెద్దపెద్దవాళ్లకి దక్కే గౌరవం!

ఇప్పుడు లిస్బన్ శివారుకి రండి. అమదోరాలోని కోవ ద మోర పేటలో ఎక్కువమంది కేప్‌వెర్డీ (ఆఫ్రికా దగ్గరి దీవుల దేశం, ఒకప్పటి పోర్చుగీసు వలసరాజ్యం) మూలాలవారు. నీళ్లు, మురుగుకాలువ కోసం 1980ల్లో జనమే కూడి పోరాడితే పుట్టిన సంఘం మొయిన్యు ద జువెంతూద్. తెల్లవారకముందే ఆఫీసులు తుడవడానికి వెళ్లే తల్లుల పిల్లల్ని అది చూసుకుంటుంది. 2007లో పార్లమెంటు దానికి మానవహక్కుల బహుమతి ఇచ్చింది. 2024 అక్టోబరులో అదే పేటలో పోలీసు కాల్పుల్లో ఒక కేప్‌వెర్డీ వంటవాడు చనిపోతే, లిస్బన్ చుట్టూ రోజుల తరబడి బస్సులు తగలబడ్డాయి.

పౌరసత్వాన్ని చవక చేయకూడదని, దేశంతో నిజమైన అనుబంధం ఉండాలని ప్రభుత్వ పక్షం వాదన. వలసదారుల సంఘాలవాళ్లు అడిగేది వేరు: పారిస్‌లో మెట్లు తుడిచినవాళ్ల సేవ దేశానికి గర్వకారణమైనప్పుడు, లిస్బన్‌లో ఆఫీసులు తుడిచేవాళ్ల సేవ అనుబంధం కిందికి ఎందుకు రాదు? పైగా కొత్త చట్టం ఆ 7, 10 ఏళ్ల గడువును నివాస కార్డుకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాక, ఆ కార్డు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెడుతుంది. 2024లో ఆ కార్డులిచ్చే కార్యాలయంలో తేలకుండా ఉన్న ఫైళ్లు దాదాపు 4 లక్షలు.