చిన్నకథ టెలీఫిల్మ్ కావాలంటే: అపోహలు - వాస్తవాలు

కథలను టెలీఫిల్మ్‌లుగా రాయడం నా వృత్తి. ఈ పని నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు ముందుగా ఒక బెంగాలీ చిత్రం చూపిస్తాను. సత్యజిత్ రాయ్ 1980లో ఫ్రెంచి టెలివిజన్ కోసం తీసిన ‘పికూ’. నిడివి 26 నిమిషాలు. మూలం ఆయనే రాసుకున్న ‘పికూర్ డైరీ’ అనే చిన్నకథ. నేను తరచూ వినే అపోహలన్నిటికీ ఆ 26 నిమిషాల్లోనే జవాబులున్నాయి.

అపోహ: కథను ఉన్నది ఉన్నట్టు తీస్తేనే రచయితకు న్యాయం చేసినట్టు.

వాస్తవం: ఆ కథంతా ఒక పసివాడి డైరీ. నిండా అక్షరదోషాలు, చుక్కా కామా చూసుకోని వాక్యాలు. ఇంట్లో జరుగుతున్నది వాడికి అర్థం కాదు, చదివే మనకు అర్థమవుతుంది. కథ ప్రాణం అక్కడే ఉంది. మరి అక్షరదోషాన్ని కెమెరా ఎలా చూపిస్తుంది? పిల్లవాడి గొంతుతో డైరీ చదివించడం సులువైన దారి. రాయ్ ఆ దారి పట్టలేదు. సొంత కథే అయినా డైరీ రూపాన్ని వదిలేసి, పికూ జీవితంలోని ఒక్క రోజును మన కళ్లముందు నడిపించారు.

తల్లి (అపర్ణా సేన్) కోసం ఇంటికి వచ్చే హితేశ్ (విక్టర్ బెనర్జీ) పికూకు స్కెచ్ పెన్నులు తెస్తాడు. తోటలో ఉన్న పూలన్నీ బొమ్మలు వేయమని తల్లి వాడిని బయటికి పంపుతుంది. వాడు ఒక్కో పువ్వునూ చూస్తూ, దానికి సరిపోయే పెన్ను తీసి, శ్రద్ధగా గీస్తుంటాడు. తెల్లపువ్వు దగ్గర చిక్కొస్తుంది. పెన్నుల్లో తెలుపు లేదు. నల్లరంగుతో గీస్తున్నానని తల్లికి వినబడేలా కేకవేసి చెబుతాడు. జవాబు రాదు. కాసేపటికి చినుకు పడి కాగితం మీద రంగు చెదురుతుంది. కథలో అక్షరదోషాలు చేసిన పనిని తెరమీద ఈ నల్లని తెల్లపువ్వు చేసింది. ఇంతకన్నా నమ్మకమైన అనుసరణ నేను చూడలేదు.

అపోహ: కథ చిన్నది కాబట్టి పాత్రలూ సంఘటనలూ కలిపి పెంచాలి.

వాస్తవం: నేనూ మొదట్లో అలాగే నమ్మాను. కొడుకు కోసం ఎదురుచూసే ఒక ముసలావిడ కథకు పొరుగింటి పాత్రను కలిపి, ఆవిడ బాధంతా దానితో చెప్పించాను. ఎడిటింగ్‌లో ఆ పాత్రను మొత్తంగా తీసేశాం. రాత్రి వేసిన గడియను ఆవిడ మళ్లీ లేచివచ్చి తీసే దృశ్యం ఒక్కటే మొత్తం కథను మోసింది.

అపోహ: టెలివిజన్ చిత్రమంటే సినిమాకు తక్కువ రకం.

వాస్తవం: ‘పికూ’ తర్వాత 1981లో రాయ్ ప్రేమ్‌చంద్ కథ ‘సద్గతి’ని హిందీలో తీసింది దూరదర్శన్ కోసమే. ఓంపురి, స్మితా పాటిల్ నటించారు. ‘పికూ’ లాంటి 26 నిమిషాల చిత్రానికి సినిమా హాలులో చోటు దొరకదు. విశ్రాంతికీ పాటలకీ కథను సాగదీయకుండా, దాని కొలతకు తగ్గట్టు చెప్పే వీలు టెలివిజన్ ఇచ్చింది. ఆ వీలును మనవాళ్లు ఇంకా ఎంతో వాడుకోవాలని నా కోరిక.

అపోహ: మాటల్లో చెప్పకపోతే ప్రేక్షకుడికి అందదు.

వాస్తవం: వాన మొదలయ్యాక పికూ ఇంట్లోకి వస్తాడు. మూసి ఉన్న తలుపు వెనక పెద్దవాళ్ల గొడవ వినబడుతుంది. గుండెజబ్బుతో మంచం పట్టిన తాతయ్య గదికి వెళతాడు. ఆయన చనిపోయి ఉంటాడు. చావంటే ఏమిటో వాడికి ఎవరూ వివరించరు, మనకూ ఎవరూ వివరించరు. పికూ వరండాలోకి వచ్చి కూర్చుని, కళ్లనీళ్లతోనే మళ్లీ బొమ్మ వేసుకుంటాడు.

ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ గదిలో ఎవరినీ మాట్లాడనివ్వను.