పిల్లాడు చూశాడు, కేసు ఎవరి మీద? - అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒక సాయంత్రం పెరంబూరు నుంచి ఒకాయన చెన్నై తంబుచెట్టి వీధిలో ఉన్న మా లాయర్ ఆఫీసుకు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని వచ్చాడు. నిండా నీళ్లున్న పళ్లెం మోసుకొస్తున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆటోలో కూడా మూత వెయ్యలేదట. తెర మీద పైన మూడు సింహాల గుర్తు, దాని కింద "ఈ కంప్యూటర్ ఆపినా, మూసినా అరెస్ట్" అని ఉంది. ఎర్ర అంకెల గడియారం వెనక్కి నడుస్తోంది. నిషేధించిన బూతు సైట్లు చూసినందుకు 29,000 రూపాయల జరిమానా, ఆరు గంటల్లో కట్టాలి. బ్యాటరీ ఆరు శాతం మిగిలింది.

ఆయన అప్పటికే ఒకసారి కార్డు నంబరు, ఓటీపీ కొట్టి కట్టేశాడు. డబ్బు పోయింది కానీ తెర మీది బొమ్మ పోలేదు. మళ్లీ కట్టమంటోంది. వెనకాల టెన్త్ చదివే కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రెండు రోజులుగా అన్నం సరిగా తినలేదని తల్లి చెప్పింది. "అమ్మా, పోలీసులొస్తే నేను ఊళ్లో లేనని చెప్పు" అన్నాడట రాత్రి.

ఆల్ట్, ఎఫ్4 రెండూ కలిపి నొక్కాను. పేజీ పోయింది. అది ఒక మామూలు వెబ్ పేజీ, తెరంతా కప్పేలా తయారుచేసింది, అంతే. ఆయన తెర వంక, నా వంక చూసి, "అయితే కేసు లేదా మేడమ్?" అన్నాడు.

సైబర్ కేసులు చూడటం మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని ప్రశ్న ఇది. నెల్లూరు నుంచి ఫోన్ చేసే చుట్టాలదీ ఇదే ప్రశ్న, కొడంబాక్కం అపార్ట్‌మెంట్ తల్లులదీ ఇదే. పిల్లలకు అశ్లీల సైట్లు అందకుండా చట్టాలు వస్తున్నాయని వార్తల్లో వింటారు. వినగానే, చూసిన పిల్లాడే నేరస్తుడని మనసులో పడిపోతుంది. ఆ భయంతోనే మోసగాళ్లకు డబ్బు కడతారు, బెదిరించేవాడి మాట వింటారు, పోలీసుల దగ్గరకు వెళ్లాల్సిన రోజున ఇంట్లో తలుపులేసుకుని కూర్చుంటారు. నాకు తెలిసినంతలో కుటుంబాలను ఇంత నష్టపెట్టిన అపోహ ఇంకోటి లేదు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

ఐటీ చట్టంలో 67, 67ఏ సెక్షన్లు తెరిచి చూడండి. శిక్ష వేసేది అశ్లీల సామగ్రిని ప్రచురించేవాడికి, పంపేవాడికి. 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న సామగ్రిని ఒంటరిగా చూసుకోవడాన్ని ఆ సెక్షన్లు నేరం అనలేదు. 2023లో కేరళ హైకోర్టు కూడా, ఇతరులకు చూపించకుండా తన ఫోన్‌లో తాను చూసుకోవడం అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ 292 కింద నేరం కాదని తీర్పు ఇచ్చింది. మంచిదా చెడ్డదా అన్నది ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం. నేను చెప్పేది కేసు గురించి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. లైంగిక ఉద్దేశంతో పిల్లలకు ఇలాంటివి చూపించినవాడు పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం సెక్షన్ 11 కిందకు వస్తాడు. మూడేళ్ల దాకా జైలు. అశ్లీల వస్తువులను పిల్లలకు అమ్మినా, ఇచ్చినా, చూపించినా, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 295 ఉంది. ఈ సెక్షన్లలో పిల్లాడు బాధితుడు. ట్యూషన్‌లోనో, క్రికెట్ గ్రౌండ్‌లోనో ఎవడో పెద్దవాడు ఫోన్ చేతికిచ్చి చూపించాడని మీ అబ్బాయి చెబితే, మీరు దాచాల్సింది ఏమీ లేదు. ఫిర్యాదు చేయాల్సింది చాలా ఉంది.

బయటి దేశాల చట్టాలూ అంతే. టెక్సాస్‌లో 2023లో చేసిన చట్టం ప్రకారం, ఒక సైట్‌లో మూడో వంతుకు మించి పిల్లలకు తగని లైంగిక సామగ్రి ఉంటే వచ్చేవాళ్ల వయసు సరిచూడాలి. చూడకపోతే రోజుకు పది వేల డాలర్ల దాకా జరిమానా, కట్టాల్సింది సైట్ వాళ్లు. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ చట్టాన్ని నిలబెట్టింది. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుంచి అశ్లీల సైట్లు వయసు గట్టిగా సరిచూడాల్సిందే. తప్పితే 1.8 కోట్ల పౌండ్లు లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో పది శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా వెయ్యొచ్చు. అదీ కంపెనీ మీదే. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది అశ్లీల సైట్ల చట్టం కాదు, పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు వద్దన్న చట్టం. అందులోనూ పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ జరిమానా లేదు. ఇన్ని దేశాలు ఇంత గట్టిగా చట్టాలు చేస్తే, ఒక్కచోట కూడా తప్పును పద్నాలుగేళ్ల పిల్లాడి మీద మోపలేదు. మనం మాత్రం ఇంట్లో వాణ్నే బోనెక్కిస్తున్నాం.

ఇంకో మాట. పోలీసులు వెబ్ పేజీ మీద జరిమానా వసూలు చేయరు. యూపీఐలో అడగరు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని కూర్చుని చేసే "డిజిటల్ అరెస్ట్" అనేది ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే పరువు గురించి ఆలోచిస్తూ రాత్రంతా గడపకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పెరంబూరు ఆయన రెండు రోజులు ఆగి వచ్చాడు. కొంతే ఆగింది, మిగతాది పోయింది.

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన చోటు చెబుతాను. ఆ బొమ్మలో, వీడియోలో ఉన్నది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఐటీ చట్టం 67బీ సెక్షన్‌లో పంపడం ఒక్కటే కాదు, వెతకడం, చూడటం, డౌన్‌లోడ్ చేయడం కూడా రాసి ఉన్నాయి. పోక్సో సెక్షన్ 15 ప్రకారం ఇతరులకు పంపే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుని, తీసేయకుండా, అధికారులకు తెలియజేయకుండా ఉండటం కూడా నేరమే. ఈ విషయంలో దేశమంతా మాట్లాడుకున్న కేసు మన చెన్నై అంబత్తూరుది. ఒక యువకుడి ఫోన్‌లో ఇలాంటి ఫైళ్లు దొరికాయి. 2024 జనవరిలో మద్రాస్ హైకోర్టు, ఒంటరిగా డౌన్‌లోడ్ చేసి చూడటం నేరం కాదంటూ కేసు కొట్టేసింది. ఆ వార్త ఊరూరా పాకింది. అదే ఏడాది సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి కేసును మళ్లీ నిలబెట్టింది. అసలు దాన్ని బూతు సినిమాలా పిలవొద్దు, అది పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకి సాక్ష్యం అంది. ఈ రెండో వార్త మొదటి దానంత దూరం వెళ్లలేదు. ఇప్పటికీ కాలేజీ కుర్రాళ్లు నాకు జనవరి తీర్పే చెబుతుంటారు. దయచేసి దాన్ని నమ్ముకోకండి.

"ఎవరికి తెలుస్తుందిలే" అన్న మాట కూడా వదిలేయండి. 2019 నుంచి అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థకు ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే సమాచారం మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ద్వారా రాష్ట్ర పోలీసులకు చేరుతోంది. తమిళనాడులో ఆ ఏడాది డిసెంబర్‌లోనే తిరుచ్చిలో అరెస్ట్ జరిగింది.

ఈ 67బీ సెక్షన్‌లో ఇరుక్కునేది ఎక్కువగా చెడ్డవాళ్లే అనుకుంటాం. నా దగ్గరకు వచ్చిన ఒకావిడ స్కూల్ పిల్లల తల్లి. కూతురి క్లాస్ గ్రూపులో ఎవరో ఒక అమ్మాయి వీడియో పెట్టారు. ఈవిడకు గుండె ఆగినంత పనైంది. "మన పిల్లల గ్రూపుల్లో ఏం తిరుగుతున్నాయో చూడండి" అంటూ ఆ వీడియోనే తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. ఎనభై మంది ఉన్న గ్రూపు. ఇంకొకరు అక్కడి నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుకు పంపారు. ఆ వీడియోలోని అమ్మాయి తండ్రికి అది నాలుగో చేతి నుంచి అందింది. "అక్కా, నేను హెచ్చరించడానికే కదా పెట్టాను" అని ఆవిడ నా ముందు ఏడ్చింది. ఉద్దేశం మంచిదే, నాకు తెలుసు. కానీ ఆ పిల్ల వీడియో ఎనభై ఫోన్లలోకి వెళ్లింది ఈవిడ వేలి మీదుగానే.

సాక్ష్యం కోసం కూడా వీడియోను ఎవరికీ పంపకండి. లాయర్‌కీ వద్దు, టీచర్‌కీ వద్దు. గ్రూపు పేరు, పంపిన నంబరు, తేదీ, టైము కాగితం మీద రాసుకోండి. ఫోన్‌తో సహా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఇలాంటి సామగ్రి గురించి పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. అనుకోకుండా ఏదో లింక్ తెరుచుకుని, వెంటనే మూసేసినవాడి విషయంలో కూడా సుప్రీంకోర్టు అదే అంది, మూసేసి ఊరుకోకుండా తెలియజేయాలని.

మరి పంపింది మన పిల్లాడే అయితే? అక్కడ కూడా జైలు ఊహించుకోకండి. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. అతి తీవ్రమైన నేరాల్లో, లేదా పెద్దవాళ్లతో కలిసి చేసిన వాటిలో తప్ప ఎఫ్ఐఆర్ కట్టకూడదని నిబంధనలు చెబుతున్నాయి. పిల్లల పేరు, ఫోటో బయటపెట్టడం నేరం. బోర్డు ముందు తల్లిదండ్రులు పక్కనే ఉంటారు. వాణ్ని కొట్టి ఫోన్ పగలగొట్టిన తండ్రులను చూశాను. ఆ ఫోన్‌లోనే, ఎవడు బెదిరించి పంపించాడో తెలిపే చాట్ ఉండింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మన దేశంలో అన్ని అశ్లీల సైట్లూ నిషేధమని చాలామంది అనుకుంటారు. 2015లో 857 సైట్లు ఆపి కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత 827 సైట్లను ఆపించారు. పట్టికలో ఉన్న పేరు ఆగుతుంది, మర్నాడు ఇంకో పేరుతో వస్తుంది. ప్రభుత్వం ఆపేసింది కదా అని ఇంట్లో ఫోన్‌కు ఏ కట్టడీ పెట్టకుండా ఉంటే ఆ భరోసా వృథా.

ఆధార్ చూపిస్తేనే సైట్ తెరుచుకుంటుందని వచ్చే ఫార్వర్డ్ నిజం కాదు. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు విచారణలో అలాంటి ఆలోచన మాటల్లో వచ్చింది. డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ ఆస్ట్రేలియా తరహా చట్టం గురించి ఆలోచించమని కేంద్రానికి సూచించింది. సూచన చట్టం కాదు. ఈ ఫార్వర్డ్‌లు నమ్మి "వయసు ధ్రువీకరణ" లింకుల్లో ఆధార్ నంబర్లు ఇచ్చేస్తున్నారు. ఇవ్వకండి.

ఓటీటీలకు మాత్రం 2021 నిబంధనలు ఉన్నాయి. పదమూడేళ్లు, ఆపై వయసు గుర్తులున్న వాటికి తాళం ఏర్పాటు ఉండాలి, పెద్దల వాటికి వయసు సరిచూడాలి. తాళం వాళ్లు ఇస్తారు, వెయ్యాల్సింది మనం. ఐదు నిమిషాల పని.

ఎక్కడి నుంచి చూస్తున్నామో దాచే వీపీఎన్ యాప్ ఉంటే చట్టాలన్నీ దండగ అంటారు కొందరు. బ్రిటన్‌లో నిబంధన వచ్చిన వారం వీపీఎన్ డౌన్‌లోడ్‌లు పెరిగిన మాట నిజమే. కానీ పదకొండేళ్ల పిల్ల హోమ్‌వర్క్ వెతుకుతూ పొరపాటున అక్కడ పడటం వేరు, పదిహేడేళ్లవాడు పనిగట్టుకుని దారి వెతకడం వేరు. ఆ మొదటి పిల్ల కోసమైనా తలుపు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

పెరంబూరు అబ్బాయి సంగతి. ఆ సాయంత్రం ఫిర్యాదు నేనే టైప్ చేశాను. వాడు పక్కన కుర్చీలో కూర్చుని, "మేడమ్, ఇందులో నా పేరు ఎక్కడ రాస్తారు?" అని అడిగాడు. తెర వాడి వైపు తిప్పాను. ఫిర్యాదుదారు అన్నచోట వాళ్ల నాన్న పేరు ఉంది. నిందితుడు అన్నచోట "గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉంది. వాడు వేలు పెట్టి ఆ కాగితమంతా మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ ఇంకోసారి చదివాడు. తర్వాత వాళ్లమ్మను ఆకలేస్తోందన్నాడు.