నలభై ఏళ్ళ కాపురం, రెండేళ్ళ వీసా: దుబాయి పాత నివాసుల జ్ఞాపకాల వెనుక చరిత్ర

దుబాయిలో ముప్పయి, నలభై ఏళ్ళు గడిపినవారు తమ బతుకు గురించి చెప్పడం మొదలుపెడితే ముందుగా ఒకప్పుడు ఆ ఊళ్ళో ఏమేమి లేవో వస్తాయి, ఆ తర్వాత ఎక్కడెక్కడ ఏ పనులు చేశారో వస్తుంది, చివరకు మాట వీసా దగ్గర ఆగుతుంది. ఉద్యోగం ఉన్నంతవరకే వీసా, వీసా ఉన్నంతవరకే ఊరు. 2019లో గోల్డెన్ వీసా పేరుతో పదేళ్ళ నివాస అనుమతులు, తర్వాత పదవీ విరమణ వీసా వచ్చాక, ఈ నగరం ఎవరిది అన్న పాత ప్రశ్న మళ్ళీ చర్చకు వచ్చింది. 1968 జనగణనలో సుమారు 59 వేల మంది ఉన్న ఊళ్ళో 2023 నాటికి 36 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో పౌరులు పదో వంతు కూడా లేరు. కనుక ఇది ఏదో ఒక చిన్న వర్గం ఫిర్యాదు కాదు, నగరంలో దాదాపు అందరి పరిస్థితీ ఇదే.

అన్నిటికంటే పాత జ్ఞాపకాలు నీటివి. కుళాయిలు రాకముందు బావుల నుంచి తోడిన ఉప్పదనపు నీటిని డబ్బాల్లో పోసి, గాడిదల మీద ఇంటింటికీ తెచ్చి అమ్మేవారు. విద్యుత్ సరఫరా 1960 ప్రాంతంలో గాని రాలేదు. అప్పటివరకు పేదలు ఖర్జూరపు మట్టలతో అల్లిన ఇళ్ళలోనూ, కలిగినవారు గాలిని పైనుంచి గదిలోకి దించే బురుజులున్న ఇళ్ళలోనూ వేసవి గడిపేవారు. ఆ బురుజుల కట్టడం పర్షియా తీరం నుంచి వలస వచ్చిన వ్యాపారులు తెచ్చుకున్నది. క్రీక్ అని పిలిచే సముద్రపు పాయే ఊరికి ఆధారం. అందులో ఇసుక మేట వేయడంతో పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగిపోతే, చిన్న పడవల్లో సరుకు ఒడ్డుకు చేర్చేవారు. పాలకుడు షేక్ రషీద్ కువైట్ నుంచి అప్పు తెచ్చి 1960 ప్రాంతంలో ఆ మేట తవ్వించాడు. చమురు బయటపడింది ఆ తర్వాత, 1966లో. దుబాయి చమురుతోనే పుట్టిందని మన దగ్గర చాలామంది అనుకుంటారు గాని, అప్పు చేసి రేవు బాగుచేసుకోవడమే దాని అసలు ఆరంభం.

ఆ కాలంలో అక్కడ చెల్లినది మన రూపాయే. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసం ప్రత్యేకంగా నోట్లు ముద్రించింది. 1966లో రూపాయి విలువ తగ్గించడంతో దుబాయి ఆ నోట్లను వదిలేసింది, 1973లో దిర్హాము వచ్చింది. సింధు, కచ్ ప్రాంతాల వ్యాపారులు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే క్రీక్ ఒడ్డున దుకాణాలు నడుపుతున్నారు. దుబాయిలో చట్టబద్ధంగా కొన్న బంగారం పడవల్లో మన పడమటి తీరానికి చేరగానే దొంగబంగారం అయ్యేదన్నది ఆ తరం వ్యాపారులు దాపరికం లేకుండా చెప్పుకొనే సంగతి.

1971 డిసెంబరు 2న బ్రిటిషువారి రక్షణ ముగిసి ఐక్య అరబ్ ఎమిరేట్స్ ఏర్పడింది. కొత్త దేశం మొదటి రెండేళ్ళలో చేసుకున్న రెండు చట్టాలు నేటి వివాదానికి మూలం. 1972 నాటి పౌరసత్వ చట్టం అరబ్బులు కానివారికి ముప్పయ్యేళ్ళ నివాసాన్ని షరతుగా పెట్టింది. దాని కింద పౌరసత్వం పొందినవారు మాత్రం బహు అరుదు. 1973 నాటి ప్రవేశ, నివాస చట్టం విదేశీయుడి ఉనికిని అతనికి పూచీ ఉన్న కఫీల్‌తో, అంటే సాధారణంగా పని ఇచ్చిన యజమానితో, ముడిపెట్టింది. అదే ఏడాది చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. 1972లో రషీద్ రేవు, 1979లో జబల్ అలీ రేవు, అదే ఏడాది ముప్పైతొమ్మిది అంతస్తుల ప్రపంచ వాణిజ్య కేంద్రం ప్రారంభమయ్యాయి. వీటిని కట్టడానికి స్థానికులు చాలరు. బయటివారిని రప్పిస్తే స్థానికులు తమ ఊళ్ళోనే అల్పసంఖ్యాకులవుతారు. ఈ రెండు చిక్కులకూ పాలకులు కనిపెట్టిన ఒకే విరుగుడు, మనుషులను రానిచ్చి స్థిరపడనివ్వకపోవడం. ఇది పొరపాటున జరిగింది కాదు, తెలిసి చేసిన ఏర్పాటు.

తెలుగువారు ఈ కథలోకి పెద్ద సంఖ్యలో వచ్చింది ఈ ఘట్టంలోనే. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉత్తర తెలంగాణలో ఊరూరా వినిపించే మాట వలసల క్రమాన్నే చెబుతుంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వారికి బొంబాయి మిల్లులు, భివండీ మరమగ్గాలు ముందే తెలుసు. గల్ఫ్‌కు మనుషులను పంపే ఏజెంట్లు కూడా బొంబాయిలోనే ఉండేవారు. వర్షాధార భూములు, ఎండిన బోర్లు, మగ్గాల క్షీణత కలిసి ఆ దారిని వెడల్పు చేశాయి. ఎక్కడికి వెళ్ళినా, అది సౌదీ అయినా మస్కట్ అయినా, ఊళ్ళో అడిగితే దుబాయి పోయిండనే చెప్పేవారు. మన దేశపు 1983 వలసల చట్టం ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసినా, వీసాకు అప్పు చేయడం, ఆ అప్పు తీరడానికే మొదటి ఏళ్ళ జీతం పోవడం ఆగలేదు.

నిర్మాణ పనుల్లో ఉన్నవారి జ్ఞాపకాల్లో నగరం రోడ్డు మీద కంటే క్యాంపు గదిలో ఎక్కువగా కనిపిస్తుంది. సోనాపూర్, అల్ ఖూజ్ ప్రాంతాల లేబర్ క్యాంపుల్లో ఒకదానిపై ఒకటిగా వేసిన ఇనుప మంచాలు, మంచం కింద తాళం వేసిన సూట్‌కేసు, దుప్పటి కట్టి చేసుకున్న పరదా ఒక మనిషికి దక్కే స్థలం. తెల్లవారకముందే ఉమ్మడి వంటగదిలో పొయ్యి కోసం వరుస, వండిన అన్నం డబ్బాలో కుక్కుకుని బస్సు ఎక్కడం, ఆ డబ్బా మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉంటే కూర పులిసిపోవడం. షట్టరింగ్ కార్పెంటర్, స్టీల్ ఫిక్సర్, హెల్పర్ అన్న తేడా లేకుండా అందరూ ఈ సంగతులే చెబుతారు. ఫోను ఖరీదైన కాలంలో ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, ఊరికి వెళ్ళే మనిషి చేతికిచ్చి పంపేవారు. చదువు రాని తల్లికి కొడుకు గొంతు అలా చేరేది. మండువేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పని నిషేధం 2005లో గాని రాలేదు. అంతకుముందు ఎత్తైన కట్టడాల మీద పనిచేసినవారికి ఎండే ప్రధాన జ్ఞాపకం.

2002లో విదేశీయులు ఇళ్ళు కొనవచ్చని ప్రకటించడంతో నగరం ఊపందుకుంది. 2006 మార్చిలో, తర్వాత బుర్జ్ ఖలీఫాగా పేరు మారిన కట్టడం దగ్గర కార్మికులు జీతాలు, వసతుల విషయమై ఆగ్రహించి వాహనాలు ధ్వంసం చేశారు. కార్మిక సంఘాలు పెట్టుకోవడానికి వీల్లేని చోట ఆ కోపానికి మరో దారి లేకపోయింది. జీతం బ్యాంకు ద్వారానే చెల్లించాలన్న విధానం 2009లో వచ్చింది. అదే ఏడాది అప్పుల సంక్షోభం బయటపడి, సగంలో ఆగిన కట్టడాలతో పాటు వేలాది ఉద్యోగాలూ పోయాయి. ఉద్యోగం పోయినవారికి దేశం విడవడానికి ఇచ్చే గడువు అప్పట్లో నెల రోజులే. చెల్లని చెక్కు నేరమైనందున బ్యాంకు అప్పులున్నవారు వెళ్ళలేక, ఉండలేక నలిగారు.

గుమాస్తాలు, ఇంజినీర్లు, దుకాణదారుల కుటుంబాలకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురైంది. అక్కడే పుట్టి, అక్కడి బడిలోనే చదివిన కొడుకును పద్దెనిమిదేళ్ళు దాటాక, చదువులో లేకపోతే, తండ్రి వీసా మీద ఉంచడానికి వీలుండేది కాదు. కూతురైతే పెళ్ళి దాకా ఉండవచ్చు. కొడుకుల వయోపరిమితిని ఇరవై అయిదుకు పెంచింది 2022లో మాత్రమే. కరామా, దేరా వీధుల్లో పెరిగిన పిల్లలు తమ ఊరుగా చెప్పుకునేది దుబాయినే, పాస్‌పోర్టు చెప్పేది మరో దేశాన్ని.

ఇప్పటి సడలింపులను ఈ నేపథ్యంలో చూస్తే అవి ఎవరి కోసమో తెలుస్తుంది. ఆస్తి దారిలో గోల్డెన్ వీసాకు 20 లక్షల దిర్హాముల ఇల్లు కావాలి. పదవీ విరమణ వీసాకు ఉన్న దారుల్లో ఒకటి 10 లక్షల దిర్హాముల పొదుపు. 2021లో పౌరసత్వ చట్టాన్ని సవరించి, పెట్టుబడిదారులు, వైద్యులు, శాస్త్రవేత్తలను పాలకుల కార్యాలయాలు సిఫారసు చేయవచ్చన్నారు. దరఖాస్తు పెట్టుకునే వీలు మాత్రం ఇవ్వలేదు. జబల్ అలీలో కాంక్రీటు పోసిన మనిషికి చట్టం ఇచ్చేది ఉద్యోగం ముగిశాక ఒక్కసారి చేతికొచ్చే గ్రాచ్యుటీ: మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. మూలవేతనం తక్కువ చూపి మిగిలింది అలవెన్సుగా రాసే అలవాటు ఉన్నచోట ఆ మొత్తం ఇంకా చిక్కిపోతుంది. విదేశీ కార్మికుడికి అక్కడ పింఛను లేదు. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు అయిదు లక్షల రూపాయలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది; అరవై దాటి, మోకాళ్ళు అరిగి, ప్రాణాలతో ఊరు చేరినవాడు ఆ ఉత్తర్వు పరిధిలోకి రాడు.